హిమపథ నిర్మాత – జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే

కెనడా దేశంలోని క్యుబెక్ రాష్ట్రంలో శీతాకాలం సుదీర్ఘమైనది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో అక్కడి పల్లెలు నెలల తరబడి మంచులో కూరుకుపోయి ఉండేవి. జనం తమ మోటారు కార్లను కొట్టాలలో దిమ్మెలపై నిలిపి, గుర్రాలు లాగే జారుడుబండ్లపై ఆధారపడేవారు. వైద్యుడు రావాలన్నా, ఉత్తరం అందాలన్నా గుర్రమే దిక్కు. అటువంటి పల్లెలలో ఒకటైన వాల్‌కోర్ట్‌లో 1907 ఏప్రిల్ 16వ తేదీన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే జన్మించాడు. ఎనిమిదిమంది సంతానంలో ఆయనే జ్యేష్ఠుడు.

బాల్యం నుండి ఆయనకు యంత్రాలంటే వల్లమాలిన మక్కువ. చేతికి చిక్కిన ప్రతి వస్తువునూ విప్పి, మళ్ళీ బిగించేవాడు. కుమారుని ఉత్సాహాన్ని ఒక దారిలో పెట్టదలచి తండ్రి ఒక పాత ఫోర్డు కారును అప్పగించాడు. 1922 డిసెంబరు 31న పదిహేనేళ్ళ ఆర్మాండ్, తమ్ముడు లియోపోల్డ్‌తో కలసి ఒక వింత వాహనాన్ని వీధిలోకి తెచ్చాడు. జారుడుబండి చట్రంపై ఆ కారు ఇంజనును అమర్చి, వెనుక చెక్కతో మలచిన పంకాను బిగించారు. పంకా విసురుకు బండి మంచుపై పరుగెత్తింది. ఊరంతా విస్తుపోయింది. కాని అడ్డులేకుండా తిరిగే ఆ పంకా ఎవరి ప్రాణం తీస్తుందోనని భయపడిన తండ్రి, వెంటనే దాన్ని విప్పివేయమని ఆజ్ఞాపించాడు. తండ్రి భయం అకారణమైనది కాదు.

పెద్ద కుమారుడు మతాచార్యుడు కావాలన్నది తండ్రి కోరిక. అందుకు షెర్‌బ్రూక్ నగరంలోని మతవిద్యాలయంలో చేర్పించాడు. ఆర్మాండ్ మనస్సు అక్కడ నిలువలేదు. చదువు మాని, మాంట్రియల్‌లో మెకానిక్ పని నేర్చుకుంటూనే, ఉత్తరాల ద్వారా యంత్ర, విద్యుత్ శాస్త్రాలను అభ్యసించాడు. 1926లో, పందొమ్మిదేళ్ళ వయస్సులో స్వగ్రామంలో సొంత గ్యారేజీ తెరిచాడు. 1929లో ఇవోన్ లాబ్రెక్‌ను వివాహమాడాడు. వేసవిలో కార్లు బాగుచేయడం, చలికాలంలో మంచుబండిపై ప్రయోగాలు చేయడం ఆయన నిత్యకృత్యమైంది.

ఆ ప్రయోగాలు సులభంగా ఫలించలేదు. మెత్తని మంచుపై బండిని నడపడమంటే బురదనేలలో నడపడం వంటిదే. చక్రం తిరుగుతుంది గాని బండి కదలదు. ఎంత తిప్పితే అంత లోతుకు దిగబడుతుంది. బరువును వెడల్పుగా పంచే పట్టా ఉంటేనే బండి తేలుతుంది. పట్టాపై నడిచే వాహనాలు అప్పటికే లేకపోలేదు. ఫ్రెంచి ఇంజనీరు కెగ్రెస్ రూపొందించిన రబ్బరు పట్టాలు పేరు పొందినవే. కాని పొడిమంచు ఆ యంత్రాంగానికి బద్ధశత్రువు. పట్టాకు, దాన్ని తిప్పే చక్రానికి మధ్య మంచు చేరి గడ్డకడితే పట్టు తప్పుతుంది. చక్రం ఊరికే తిరిగి పట్టా జారుతుంది, లేదా చక్రాన్ని వదలి బయటపడుతుంది. రెండో చిక్కు చట్రానిది. దృఢంగా చేస్తే బరువెక్కి మంచులో మునుగుతుంది. తేలికగా చేస్తే గతుకులకు మెలితిరిగి విరుగుతుంది. ఒక దోషం సరిదిద్దితే మరొకటి తలెత్తేది. ఏళ్ళు గడిచినా నమ్మదగిన బండి సిద్ధం కాలేదు.

1934 శీతాకాలంలో ఆ ఇంట పిడుగు పడింది. రెండేళ్ళ కుమారుడు ఇవోన్‌కు ఉండుకము వాచి, విషమించింది. శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. ఆసుపత్రి ఉన్నది దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని షెర్‌బ్రూక్‌లో. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. మంచుపై నడిచే బండి కోసం పన్నెండేళ్ళుగా శ్రమిస్తున్న మనిషి, తన బిడ్డను ఆసుపత్రికి చేర్చలేకపోయాడు. పసివాడు కన్నుమూశాడు.

మరుసటి సంవత్సరమే ఆయనకు పరిష్కారం దొరికింది. చూడడానికి అది చాలా చిన్న విషయం. పట్టాను తిప్పే పళ్ళచక్రానికి ఆయన రబ్బరు తొడుగు వేశాడు. లోహానికి అంటుకున్నట్లు మంచు రబ్బరుకు అంటుకోదు. కొద్దిగా వంగే గుణం ఉండడం వల్ల పట్టిన గడ్డ రాలిపోతుంది. రెండు రబ్బరు పట్టీలను ఉక్కు అడ్డుకమ్ములతో జతచేసి పట్టాను తయారుచేశాడు. చక్రపు పళ్ళు ఆ కమ్ములను ఒడిసిపట్టి లాగడంతో జారుడు తగ్గింది. ఈ నిర్మాణానికి 1937 జూన్ 29న పేటెంటు లభించింది. ఏడుగురు కూర్చునే బీ7 బండికి పైభాగాన్ని పలకచెక్కతో నిర్మించి బరువు తగ్గించాడు. తరువాత వచ్చిన పన్నెండుమంది బండి బీ12లో ఆకుల చక్రాలకు బదులు నిండు చక్రాలు అమర్చాడు. ఆకుల సందులలో మంచు కూరుకుపోవడం ఆయన గమనించాడు మరి. వైద్యులు, తపాలావారు, పాఠశాలలవారు ఆ బండ్లను కోరి కొన్నారు. రోగులను చేరవేయడానికి కూడా అవి ఉపయోగపడ్డాయి.

1942లో ఆయన సొంత కంపెనీని స్థాపించాడు. యుద్ధకాలంలో సైన్యానికి బండ్లు తయారుచేశాడు. 1948లో క్యుబెక్ ప్రభుత్వం పల్లెదారులపై మంచు తొలగించాలని నిర్ణయించింది. ప్రజలకు అది వరమే గాని, ఆయన వ్యాపారానికి పెద్ద దెబ్బ. అమ్మకాలు పడిపోయాయి. ఆయన కుంగిపోక, చిత్తడినేలలలో తిరిగే మస్కెగ్ ట్రాక్టరు వైపు మళ్ళాడు. 1953లో వెలువడిన ఆ యంత్రం గనులకు, అడవులకు ఎంతో అక్కరకు వచ్చింది.

ఒకరిద్దరు మాత్రమే ఎక్కే తేలికపాటి మంచుబండి ఆయన చిన్ననాటి కల. తగిన ఇంజను లేక అది చాలాకాలం మూలపడింది. 1950ల నాటికి తేలికైన ఇంజనులు వచ్చాయి. పెద్దకుమారుడు జెర్మేన్ అతుకులేని వెడల్పాటి రబ్బరు పట్టాను రూపొందించడంలో తోడ్పడ్డాడు. 1959లో స్కీ-డూ వెలువడింది. కుక్కలు లాగే బండికి బదులుగా స్కీ-డాగ్ అని పేరు పెట్టగా, అచ్చులో దొర్లిన పొరపాటు వల్ల స్కీ-డూ అయిందని చెబుతారు. దాన్ని ఆయన ఉత్తర ఒంటారియోలోని ఒక మారుమూల స్థావరంలో పనిచేస్తున్న తన మిత్రుడైన మతాచార్యునికి తీసుకువెళ్ళి ఇచ్చాడు. వేటగాళ్ళకు, సర్వేయర్లకు ఉపకరిస్తుందని తలచిన బండి, యువజనులకు వినోదవాహనమైంది.

ఆ విజయాన్ని ఆయన ఎక్కువకాలం చూడలేదు. క్యాన్సరు వ్యాధితో 1964 ఫిబ్రవరి 18న, 56వ ఏట మరణించాడు. అప్పటికి ఆయన పేర 40కి పైగా పేటెంట్లు ఉన్నాయి. ఆయన స్థాపించిన కంపెనీ తరువాతి కాలంలో రైళ్ళు, విమానాలు నిర్మించింది. ఢిల్లీ మెట్రోకు పెట్టెలు సరఫరా చేసినదీ అదే. 1926లో ఆయన తెరిచిన చిన్న గ్యారేజీని వాల్‌కోర్ట్‌లోని మ్యూజియంలో నేటికీ భద్రపరిచి ఉంచారు.