రేచల్ కార్సన్: గాలిలో వచ్చిన మందు

జీవితచరిత్ర అంటే మన చిక్కబళ్ళాపురం వాళ్ళకి వెంటనే ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారే గుర్తొస్తారు. ఆయన పోయిన 1962లోనే అమెరికాలో 'సైలెంట్ స్ప్రింగ్' అనే పుస్తకం వచ్చింది. అది రాసినావిడ గురించి ఈసారి చెప్తాను.

రేచల్ కార్సన్ 1907లో పెన్సిల్వేనియాలోని స్ప్రింగ్‌డేల్‌లో పుట్టింది. కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యంతో మొదలుపెట్టి జీవశాస్త్రానికి మారింది. (ఆర్ట్స్‌వాళ్ళం గమనించాలి!) 1932లో జంతుశాస్త్రంలో ఎం.ఏ. అయింది. తండ్రి పోయాక ఇంటి భారం తనమీద పడితే, ప్రభుత్వ చేపల శాఖలో ఉద్యోగం చేస్తూ సముద్రం గురించి రాసింది. 1951లో వచ్చిన పుస్తకం బాగా అమ్ముడుపోయాక ఉద్యోగం మానేసింది.

1958లో ఒక స్నేహితురాలి ఉత్తరం వచ్చింది. దోమల కోసం విమానంలోంచి డీడీటీ చల్లితే తన తోటలో పిట్టలు చచ్చిపోయాయని. ఇది మన చింతామణి, శిడ్లఘట్ట వైపు రేష్మె ఇళ్ళల్లో ఎవరికీ వింత కాదు. పక్క చేలో టమాటాకి మందు కొడితే గాలికి మన మల్బరీ ఆకు మీద పడుతుంది. ఆకు చూస్తే ఏమీ తెలీదు. మేసిన పురుగులు తల ఎత్తి, నీళ్ళు కక్కి చస్తాయి. మా ఇంట్లో ఒకసారి పంటంతా అలాగే పోయింది. అమ్మ కన్నడంలో, నాయన తెలుగులో తిట్టుకున్నారు గానీ, ఎవర్ని అడగాలి?

కార్సన్ నాలుగేళ్ళు ఆధారాలు కూడబెట్టింది. చనిపోయిన అక్క కూతురి కొడుకుని పెంచుతూ, రొమ్ము క్యాన్సర్‌తో బాధపడుతూ రాసింది. మందులే వద్దని ఆమె అనలేదు, తెలిసి వాడమంది. అయినా కంపెనీలు విరుచుకుపడ్డాయి. పెళ్ళి కాకపోవడాన్ని కూడా ఎగతాళి చేశారు. నాకు ఇక్కడే ఒళ్ళు మండింది. 1963లో జబ్బు సంగతి బయటపెట్టకుండానే సెనేట్ కమిటీ ముందు మాట్లాడింది. 1964 ఏప్రిల్‌లో 56 ఏళ్ళకే పోయింది.

అమెరికా 1972లో డీడీటీని నిషేధించింది. మన దేశంలో వ్యవసాయానికి వాడొద్దన్నది 1989లో. కానీ ఇలాంటి మందులు ఆవిరై గాలితో వేల మైళ్ళు పోతాయి. ఆకు మీది మైనంలాంటి పొర, చెట్టు బెరడు వాటిని పట్టి ఉంచుకుంటాయి. సిమోనిచ్, హైట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రపంచంలో 90 చోట్లనుంచి బెరడు తెప్పించి పరీక్షించి, అందులో డీడీటీలాంటి మందుల జాడ ఎంతుందో 1995లో ప్రకటించారు. అప్పటికి కార్సన్ పోయి 31 ఏళ్ళు.