ఒక్క ఓటు నాటి సభాపతి : జి.యం.సి. బాలయోగి

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, పంటకాలవలు, ఆత్రేయపురం పూతరేకులు చెప్పుకోవటం మనకి అలవాటు. పార్లమెంటు చరిత్ర రాసేవాళ్లు మాత్రం ఈ సీమని ఇంకొక కారణంగా తలుచుకోక తప్పదు. 1999 ఏప్రిల్ 17న ఒకే ఒక్క ఓటు తేడాతో కేంద్ర ప్రభుత్వం కూలిపోయిన నాడు, ఆ సభని నడిపిన మనిషి మన ఎదుర్లంక వాడు. ఆయనే గంటి మోహనచంద్ర బాలయోగి.

1951 అక్టోబరు 1న గన్నియ్య, సత్యమ్మ దంపతులకు ఆయన జన్మించారు. ఎదుర్లంక గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. ఆవలి గట్టు యానాం. ఆ రోజుల్లో ఏరు దాటాలంటే పడవో పంటో తప్ప మరో దిక్కు లేదు. దళిత కుటుంబం, వ్యవసాయం మీద బతుకు. చిన్న చదువు గుత్తెనదీవిలో, పెద్ద చదువు కాకినాడలో, న్యాయశాస్త్రం విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సాగింది. 1980 నుంచి కాకినాడలో ప్లీడరు వృత్తి. 1985లో ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు గాని ఎక్కువ కాలం ఉండలేదు. ఆ కుర్చీ వదిలి మళ్లీ నల్లకోటు తొడుక్కున్నారు. మన ప్రాంతంలో సర్కారు ఉద్యోగం దొరికితే దేవుడు దొరికినట్టే చూస్తారు. మేజిస్ట్రేటు ఉద్యోగం వదులుకోవటం చిన్న సంగతి కాదు.

రాజకీయాల్లోకి ఆయన వచ్చిన కాలం కూడా చెప్పుకోదగ్గదే. తెలుగుదేశం పుట్టింది 1982లో. 1984 ఆగస్టు 16న గవర్నరు రామలాల్ రామారావు గారిని ముఖ్యమంత్రి పదవి నుంచి తొలగించటం, నాదెండ్ల భాస్కరరావు గారు గద్దెనెక్కటం, ఎమ్మెల్యేలను కాపాడుకోవటానికి రాష్ట్రాలు దాటించటం, నెల తిరిగేసరికి రామారావు గారు మళ్లీ ముఖ్యమంత్రి కావటం, ఇదంతా తెలుగువాడు కళ్లారా చూశాడు. సభలో తలలు లెక్కపెట్టటం అనే పని ఎంత పెద్దదో ఆ నెల రోజుల్లో పల్లెటూరి రచ్చబండకి కూడా తెలిసిపోయింది. తరవాత సమితులు పోయి మండలాలొచ్చాయి. 1987లో జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షుణ్ణి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. తూర్పుగోదావరి జిల్లాకి అలా ఎన్నికైన వ్యక్తి బాలయోగి. అప్పటికి నలభై ఏళ్లయినా నిండలేదు.

1991లో అమలాపురం నుంచి లోక్‌సభకి గెలిచారు, 1996లో ఓడారు. ముమ్మిడివరం ఉప ఎన్నికలో శాసనసభకి వచ్చి చంద్రబాబు నాయుడు గారి మంత్రివర్గంలో ఉన్నత విద్య చూశారు. 1998లో మళ్లీ లోక్‌సభ. ఇంతవరకూ ఇది ఒక జిల్లా నాయకుడి జీవితం. ఇలాంటివి రాష్ట్రంలో ఇంకా చాలా దొరుకుతాయి. అసలు కథ ఇక్కణ్ణించి.

ఆ ఏడు వాజ్‌పేయి గారికి సొంతంగా బలం చాలలేదు. పన్నెండుమంది సభ్యులున్న తెలుగుదేశం అప్పటిదాకా యునైటెడ్ ఫ్రంటులో ఉండి, ఇటు మొగ్గింది. 1998 మార్చి 24న స్పీకరు పదవి బాలయోగికి దక్కింది. నాలుగు రోజులకి వాజ్‌పేయి ప్రభుత్వం 274 ఓట్లతో విశ్వాసం నెగ్గింది. ఇది బేరం అన్నారు పత్రికలవాళ్లు. అన్నమాటలో అబద్ధమూ లేదు. కాని కుర్చీ ఎలా వచ్చిందన్నది ఒక ప్రశ్న, ఆ కుర్చీలో కూర్చుని ఏం చేశారన్నది ఇంకొక ప్రశ్న. లోక్‌సభకి దళితుడైన స్పీకరు అంతవరకూ లేరు. తెలుగువాళ్లలో అనంతశయనం అయ్యంగారు, నీలం సంజీవరెడ్డి గారు ఆ స్థానంలో కూర్చున్నారు గాని, వారు అప్పటికే దేశమంతా ఎరిగిన పెద్దలు. ఈయన మెల్లగా మాట్లాడే మనిషి. ఢిల్లీ పెద్దలకి కొత్తముఖం. ఈ గొడవ సభని ఈయన అదుపు చేయగలడా అనే అనుమానం చాలామందికి ఉంది.

అనుమానానికి తగ్గట్టే పరీక్షలొచ్చాయి. 1998 జూలైలో మహిళా రిజర్వేషన్ బిల్లు ప్రవేశపెట్టబోతే, ఒక సభ్యుడు స్పీకరు బల్ల దగ్గరకి దూసుకొచ్చి కాగితాలు లాక్కుని చింపేశాడు. దేశం యావత్తూ చూసింది. ఆడవాళ్లకి సీట్లు ఇవ్వాలా వద్దా అన్న చర్చ వెనకబడి, చింపిన కాగితాలే వార్త అయ్యాయి.

ఇక 1999 ఏప్రిల్. జయలలిత గారి అన్నా డి.యం.కె. మద్దతు ఉపసంహరించుకుంది. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు విశ్వాసం నిరూపించుకోమన్నారు. సభలో రెండు పక్షాల బలమూ దాదాపు సమానం. ఓటింగులో పాల్గొనబోమన్న బహుజన సమాజ్ పార్టీవారు చివరి గడియలో వ్యతిరేకంగా వేశారు. నేషనల్ కాన్ఫరెన్సుకి చెందిన సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ మాట కాదని వ్యతిరేకంగా వేశారు. వీటికంటె పెద్ద చిక్కు గిరిధర్ గమాంగ్ గారిది. ఫిబ్రవరిలోనే ఆయన ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు. కాని కోరాపుట్ లోక్‌సభ స్థానానికి రాజీనామా ఇవ్వలేదు. శాసనసభకి ఇంకా ఎన్నిక కాలేదు. ఒక రాష్ట్రాన్ని పాలిస్తూ వచ్చి కేంద్ర ప్రభుత్వం మీద ఓటు వేయవచ్చా?

రాజ్యాంగం చూస్తే, సభ్యుడు కాని వ్యక్తి ఆరు నెలలు మంత్రిగా ఉండవచ్చు. ఒకేసారి శాసనసభలోనూ పార్లమెంటులోనూ సభ్యత్వం కూడదు. గమాంగ్ శాసనసభ్యుడు కానే కాదు కనుక ఆయన లోక్‌సభ సభ్యత్వం చెక్కుచెదరలేదు. అక్షరం ప్రకారం ఓటుంది. మర్యాద ప్రకారం వేయకూడదని ప్రభుత్వపక్షం పట్టుపట్టింది. బాలయోగి ఆ విషయాన్ని గమాంగ్ మనస్సాక్షికే విడిచిపెట్టారు. గమాంగ్ ఓటు వేశారు. ఫలితం: అనుకూలం 269, వ్యతిరేకం 270.

ఇక్కడ విద్యార్థులు కాస్త ఆగి లెక్క వేసుకోవాలి. గమాంగ్ ఓటు వేయకూడదని స్పీకరు తీర్పు ఇచ్చి ఉంటే 269, 269. సమానం. అప్పుడు రాజ్యాంగం నూరో అధికరణం ప్రకారం నిర్ణాయక ఓటు ఎవరిది? స్పీకరుది. అంటే బాలయోగిదే. ఆయన పార్టీ ప్రభుత్వానికి మద్దతిస్తున్న పార్టీ. తన మాట ఒకటి అటు తిరిగి ఉంటే ప్రభుత్వం ఆయన చేతిమీదుగా నిలిచేది. లెక్క ఇంత దగ్గరగా వస్తుందని ముందు ఎవరికీ తెలియదు, నిజమే. అయినా పోటాపోటీ అని సభలో అందరికీ తెలుసు. అన్నీ తెలిసి, చట్టంలో లేని నిషేధాన్ని ఆయన కల్పించలేదు. అది బలహీనత అని, స్పీకరు తప్పించుకున్నాడని అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం అలా తోచదు. సభ్యుడి ఓటు తీసేయటం స్పీకరుకి అలవాటైతే, రేపు ఏ సభలోనైనా మెజారిటీ తయారుచేసుకోవటం చిటికెలో పని. (ఆ గమాంగే 2015లో తాను ఓడించిన భారతీయ జనతా పార్టీలోనే చేరారు. రాజకీయం అంటే అంతే!)

ఆ సాయంత్రం ప్రధాని రాజీనామా ఇచ్చారు. వీధుల్లో కొట్లాటలు లేవు, ఓట్ల లెక్క తప్పని ఎవరూ అనలేదు. ప్రపంచంలో అతి పాత ప్రజాస్వామ్యాల్లో ఒకటని చెప్పుకునే అమెరికాలో 2021 జనవరి 6న ఏమైందో చూశాం. డెబ్భై లక్షల ఓట్ల తేడాతో ఓడిన అధ్యక్షుడు ఓటమి ఒప్పుకోక, ఆయన అనుచరులు చట్టసభ భవనంలోకి చొరబడ్డారు. అక్కడ ప్రతినిధుల సభ స్పీకరు అంటే బాహాటంగా మెజారిటీ పక్షపు నాయకుడే. ఓటు వేస్తాడు, ఎజెండా రాస్తాడు. 2023 జనవరిలో ఆ స్పీకరుని ఎన్నుకోవటానికి పదిహేనుసార్లు ఓటింగు జరపవలసి వచ్చింది, అక్టోబరులో ఆయన్నే దించేశారు. మన పద్ధతి వేరు. స్పీకరు పార్టీ నుంచి వచ్చినా కుర్చీలో పార్టీ మరిచిపోవాలంటాం. సంజీవరెడ్డి గారు 1967లో స్పీకరు కాగానే పార్టీకే రాజీనామా ఇచ్చారు. బాలయోగి అంతదూరం వెళ్లలేదు. 1999లో సైకిలు గుర్తు మీదే అమలాపురం నుంచి మళ్లీ పోటీచేసి గెలిచారు. ఈ లోటు చెప్పకుండా ఉండటం న్యాయం కాదు.

అమెరికా దాకా ఎందుకు? 2022 మే 24న మన అమలాపురంలోనే, కొత్త జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టే విషయమై మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. బాలయోగి గెలిచిన ఊళ్లో, ఆయన స్పీకరైనందుకు మనమంతా గర్వపడ్డ ఊళ్లో. అభ్యంతరం ఉంటే చెప్పుకోవటానికి ప్రభుత్వం గడువు ఇచ్చి ఉంది. కాగితం మీద రాయవలసిన మాట నిప్పుతో రాశారు. ఆ కేసుల్లో ఇరుక్కున్నవాళ్లలో చాలామంది కుర్రాళ్లు, కాలేజీ వయసు పిల్లలు. దీని మీద మన క్యాంటీన్లో జరిగిన వాదనలు ఇక్కడ రాయను, అందరికీ తెలిసినవే.

1999 అక్టోబరు 22న బాలయోగి రెండోసారి స్పీకరయ్యారు. ఈసారి అనుభవం వచ్చింది. 2000లో సభ్యుల నడవడి చూడటానికి లోక్‌సభలో ఎథిక్స్ కమిటీ వేశారు. 2001 నవంబరులో ముఖ్యమంత్రులు, చట్టసభల అధ్యక్షులు, పార్టీల విప్‌లు అందరినీ ఢిల్లీ పిలిచి, సభల్లో క్రమశిక్షణ మీద సమావేశం పెట్టారు. డిసెంబరు 5న కొత్త నిబంధన వచ్చింది. వెల్‌లోకి దూకి పదేపదే అల్లరి చేసే సభ్యుణ్ణి స్పీకరు పేరు పెట్టి పిలిస్తే చాలు, అయిదు సమావేశాలపాటు దానంతటదే సస్పెన్షను. ఆ నిబంధన తరవాతి స్పీకర్లు వాడుకున్నారు. అల్లరి తగ్గలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ నిబంధన వచ్చిన ఎనిమిదో రోజు, డిసెంబరు 13న, పార్లమెంటు మీదకి సాయుధులు దాడి చేశారు. సభ వాయిదాపడి ముప్పావుగంట కూడా కాలేదు. లోపల ఎందరో ఎంపీలు ఉండిపోయారు. కాపలావాళ్లు ప్రాణాలిచ్చి తలుపులు మూశారు. తోటమాలి ఒకడు కూడా పోయాడు.

2002 మార్చి 3, ఆదివారం ఉదయం. భీమవరం నుంచి హెలికాప్టర్లో హైదరాబాదు బయల్దేరారు. కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో అది చేపల చెరువులో కూలిపోయింది. పైలట్, అంగరక్షకుడు, బాలయోగి ముగ్గురూ పోయారు. ఆయనకి యాభై ఏళ్లు. ఉప ఎన్నికలో ఆయన భార్య విజయకుమారి గారు అమలాపురం నుంచి గెలిచారు. 2024లో కుమారుడు హరీష్ అదే స్థానం నుంచి లోక్‌సభకి వెళ్లారు.

యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద వంతెన ఆ 2002లోనే తెరిచారు, దానికి ఆయన పేరే పెట్టారు. చిన్నప్పుడు ఆయన పంటు కోసం ఎదురుచూసిన ఏరు ఇప్పుడు బస్సులో అయిదు నిమిషాల్లో దాటుతున్నాం. ఆయన పట్టుబట్టి మంజూరు చేయించిన కోటిపల్లి-నరసాపురం రైలుమార్గం మాత్రం, ఆయన పోయిన ఇరవయ్యేళ్లకి కూడా అమలాపురం చేరలేదు.