యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని గుర్తించినవారిలో ఒకడు. ఈయన భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ ప్రభావంతో ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళగా, ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహించాడు. తత్ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొనడం ఈయన మనసుపై చెరగని ముద్ర వేసింది. మామగారి ఆర్థిక సహాయంతో అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు. భార్య శేషగిరిని మరల చూడలేదు.

పరిశోధనలు

హార్వర్డులో సైరస్ ఫిస్కే వద్ద పనిచేస్తూ, శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు (1925). ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలుస్తుంది. ఆ సమ్మేళనాన్ని క్షయకరణం చెందిస్తే నీలిరంగు ఏర్పడుతుంది. రంగు ఎంత గాఢమైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ఇది జీవరసాయన విద్యార్థులకు నేటికీ పరిచితమే.

పరికరం చిన్నదే కాని ఫలితం పెద్దది. కండరాల రసంలో ఈ నీలిరంగు వెంటనే గాక, ఆలస్యంగా వృద్ధి చెందడం వీరు గమనించారు. పద్ధతిలో లోపమని వదలివేయక కారణం వెదకగా, ఆమ్లంలో క్రమంగా విడిపోయే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది (1927). కండరం పనిచేసినపుడు ఇది తరిగి, విశ్రాంతిలో మరల పెరుగుతుంది. కండర శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి అభిప్రాయాన్ని ఇది కదిలించింది. 1929లో ఏ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ దానిని స్వతంత్రంగా కనుగొన్నాడు.

ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం, పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఈయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూ చికిత్సకు అది ఉపకరించడం గమనార్హం. ఫోలిక్ ఆమ్లానికి విరోధి అయిన అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సరుకు వాడగా, కొందరికి తాత్కాలిక ఉపశమనం కలిగింది. బోదకాలు వ్యాధికి నేటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజైన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకం కూడా ఈయన పర్యవేక్షణలో వెలువడినవే.

మరణం

1948 ఆగస్టులో గుండెపోటుతో మరణించాడు. అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఈయన పేరు పెట్టారు. 1995లో భారత తపాలా శాఖ స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది.