మన కవులను మనమే లెక్కపెట్టిన సురవరం

కొత్వాల్‌గూడ: శంషాబాద్ సమీపంలోని ఈ ఊరి పేరులో ఉన్న కొత్వాల్ అనే మాట నిజాం పాలనలో నగర పోలీసు అధికారి హోదాను తెలిపేది. 1920 నుంచి 1934 వరకు హైదరాబాదు కొత్వాలుగా ఉన్న రాజాబహదూర్ వెంకటరామారెడ్డి, ఆ పదవికి రాకముందే 1918లో పల్లెల నుంచి వచ్చే విద్యార్థుల కోసం రెడ్డి హాస్టల్ నెలకొల్పారు. తరువాత ఆ హాస్టల్‌కు కార్యదర్శిగా ఉండి పిల్లల బాగోగులు చూసినవారే సురవరం ప్రతాపరెడ్డి.

ఆయన 1896 మే 28న జన్మించారు. స్వగ్రామం గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడు. బి.ఎ., బి.ఎల్. చదివినా వకీలు పనిలో ఎక్కువ కాలం నిలవలేదు. మనసంతా తెలుగు మీదనే.

అది తెలుగుకు ఆదరణ కరువైన కాలం. కచేరీలో ఉర్దూ, పెద్ద చదువులోనూ ఉర్దూనే. తెలుగు మాట్లాడేవారు నలుగురిలో చిన్నబోయే పరిస్థితి. అటువంటి రోజులలో ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను నడిపారు. వ్రాసేవారు చాలక తానే రకరకాల మారుపేర్లతో వ్రాసి పేజీలు నింపేవారు. తన పేరు అచ్చులో కనిపించాలన్న యావ ఉన్నవారు చేసే పని కాదది.

ఇంతలో ఒక పండితుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న అర్థం వచ్చేలా వ్యాసం వ్రాశారు. అది చాలామందిని నొప్పించింది. వాదోపవాదాలూ జరిగాయి. కాని ప్రతాపరెడ్డి వాదంతో సరిపెట్టుకోలేదు. ఆ పండితుని చేత అవునని అనిపించుకోవడం కన్నా ఊరూరా ఉన్నవారిని వెతికి తీయడమే మేలని ఆయన తలచినట్లు తోస్తుంది. కవులు తమ పద్యాలు, వివరాలు పంపాలని పత్రిక ద్వారా కోరారు. కులమతాల పట్టింపు పెట్టలేదు. అలా వచ్చినవాటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అందులో తేలిన కవుల లెక్క 354.

అన్ని పద్యాలూ ఒకే తూకంలో ఉన్నాయని చెప్పలేం. కొన్ని సామాన్యమైనవే. అయినా ఏ మూలనో పద్యం వ్రాసి పెట్టెలో దాచుకున్న మనిషి, తన పేరు పుస్తకంలో చూసుకుని తానూ కవినేనని తెలుసుకున్నాడు. పుస్తకం ముఖ్య ప్రయోజనం అదే.

1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలోనూ ఆయన పట్టిన దారి ఇదే. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు అనుకునే రోజులలో జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, చేసిన జాతరలు, నమ్మిన నమ్మకాలు ఏరి వ్రాశారు. పాత కావ్యాలలో ఆ సంగతులు ఎక్కడెక్కడ ఉన్నాయో గాలించి తీశారు. రైతు, చేతిపనివాడు కూడా చరిత్రకు ఎక్కారు.

1953 ఆగస్టు 25న ఆయన కన్నుమూశారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టేందుకు తెలంగాణ శాసనసభ 2025లో బిల్లు ఆమోదించింది.

గోలకొండ కవుల సంచికలో కవులతో పాటు వారి ఊళ్ల పేర్లూ ఉన్నాయి. గ్రంథాలయంలో ఆ పుస్తకం దొరికితే, ముందుగా మన పక్క ఊరి పేరు ఎక్కడైనా ఉందేమో చూడాలనిపిస్తుంది.