మంచుగడ్డను ఓడెక్కించిన ఋణగ్రస్తుడు: ఫ్రెడరిక్ ట్యూడర్

చెన్నై మెరీనా తీరం పక్కన, తిరువల్లిక్కేణి దాపున, ఐస్ హౌస్ అనే చోటు ఒకటి ఉన్నది. ఆ పేరుతో పోలీస్ స్టేషను కూడా ఉన్నది. దిగి చూస్తే అక్కడ ఐసు కనబడదు. సముద్రం వైపు ముఖం పెట్టిన గుండ్రని మేడ ఒకటి కనబడుతుంది. దానిని ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటారు. పడమటి దేశాలనుండి తిరిగివచ్చిన స్వామి వివేకానంద 1897 ఫిబ్రవరిలో ఆ మేడలోనే బస చేశారన్న సంగతి మన పిల్లలకు పాఠాలద్వారా తెలిసినదే. అంతకు అర్ధ శతాబ్దం ముందు ఆ మేడ లోపల ఏమి ఉండేదో మాత్రం పెద్దలలో కూడా కొందరికే తెలుసు.

ఒక విహారయాత్రలో మా హోసూరు ప్రాంతపు పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు, అమెరికా చెరువులలో గడ్డకట్టిన మంచును ఓడలలో తెచ్చి ఇక్కడ నిలవ చేసేవారని చెప్పాను. ఏడవ తరగతి పిల్లవాడొకడు, కరెంటు లేని కాలంలో అది కరగకుండా ఎట్లా వచ్చింది సార్ అని అడిగాడు. సమాధానం ఒక్క మాటలో తేలేది కాదు. ఒక మనిషి యౌవనమంతా ఆ ప్రశ్నకే ఖర్చయింది.

ఫ్రెడరిక్ ట్యూడర్ 1783 సెప్టెంబరు 4వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో జన్మించాడు. తండ్రి విలియం ట్యూడర్ పేరున్న న్యాయవాది, ఆస్తిపరుడు. అన్న హార్వర్డులో చదువుకున్నాడు. ఫ్రెడరిక్ కు చదువు రుచించలేదు; పదమూడేళ్ళకే బడి మాని వ్యాపారం దారి పట్టాడు. వారి కుటుంబానికి పల్లెలో రాక్ వుడ్ అనే ఎస్టేటు, అందులో ఒక చెరువు ఉండేవి. చలికాలంలో చెరువు గడ్డకడితే మంచును కోసి కొట్టులో దాచి, ఎండాకాలంలో వాడుకోవడం ఆ ప్రాంతపు సంపన్నులకు అలవాటు. మన ఇళ్ళలో గాదెలో ధాన్యం దాచుకున్నట్లే వారు మంచు దాచుకునేవారు. దానిని అమ్ముకోవచ్చుననే ఆలోచన ఎవరికీ గట్టిగా రాలేదు.

పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్ళలో, జబ్బుపడిన సోదరుడు జాన్ హెన్రీకి తోడుగా ఫ్రెడరిక్ క్యూబాలోని హవానాకు వెళ్ళాడు. ఆ వేడిని, ఉక్కను స్వయంగా అనుభవించాడు. జాన్ హెన్రీ 1802లో మరణించాడు. 1805లో ఇంట్లో జరిగిన ఒక వేడుకలో, మన చెరువులోని మంచును ఉష్ణదేశాలలో అమ్మితే బాగుండునని అన్న విలియం సరదాగా అన్నాడట. అన్నకు అది హాస్యం, తమ్మునికి అది నిర్ణయం. ఆ ఆగస్టులోనే తన మంచు వ్యాపారానికి ఒక దినచర్య పుస్తకం తెరిచాడు.

బోస్టన్ రేవులో ఓడల యజమానులు ఎవరూ అతని సరుకు ఎక్కించుకోలేదు. కరిగిన నీరు ఓడను పాడుచేస్తుందని, మిగతా సరుకు తడిసిపోతుందని వారి భయం. చివరికి అప్పు కలుపుకొని తానే ఒక ఓడ కొన్నాడు. పేరు ఫేవరిట్. 1806 ఫిబ్రవరిలో వంద టన్నులకు పైబడిన మంచుతో అది మార్టినీక్ ద్వీపానికి బయలుదేరింది. ఊరంతా నవ్వింది. అప్పటికి అతనికి ఇరవైరెండేళ్ళు.

మంచు చేరింది. చేరిన తరువాతనే కష్టం మొదలయింది. దింపుకోవడానికి అక్కడ కొట్టు లేదు. ఓడలోనుంచే ముక్కలు ముక్కలుగా అమ్మాలి. కొన్నవారికి దానిని ఏమి చేయాలో తెలియదు. కొందరు ఇంటికి తీసుకువెళ్ళి నీళ్ళలో వేసి చూసుకొని, మాయమైపోయిందని మరునాడు వచ్చి మొరపెట్టుకున్నారు. ట్యూడర్ స్వయంగా ఐస్ క్రీం చేయించి ఒక తోట హోటలులో అమ్మించి చూపించాడు. అయినా వేల డాలర్ల నష్టం వచ్చింది.

తరువాతి పదేళ్ళు చెప్పుకోదగినవి కావు, చెప్పక తప్పనివి. తండ్రి ఆస్తి భూముల బేరంలో కరిగిపోయింది. 1807లో అమెరికా ప్రభుత్వం విదేశీ వ్యాపారం పైన ఆంక్ష విధించింది. ఆ తరువాత ఇంగ్లండుతో యుద్ధం వచ్చింది. అప్పులవాళ్ళు కోర్టుకెక్కారు. 1812లోను, 1813లోను ట్యూడర్ ను అప్పు తీర్చలేదని జైలులో పెట్టారు. 1815లో మళ్ళీ హవానాకు ఓడ ఎక్కేనాటికి షెరీఫు మనుషులు వెంటపడుతూనే ఉన్నారు. పంటకు ముందు వడ్డీకి తెచ్చి, కోతకు ముందే ఋణదాత మొహం చూడవలసివచ్చిన కుటుంబాలు మన సరిహద్దు పల్లెలలో లేకపోలేదు. వారికి ఈ భాగం వివరించి చెప్పనక్కరలేదు.

హవానాలో అతడు నేర్చినదే అసలు విద్య. మంచును తయారుచేయడం అతని పని కాదు. అది ప్రకృతి చేసిపెడుతుంది. లోపలి చల్లదనం బయటికి పోకుండా, ఇంకా సరిగా చెప్పాలంటే బయటి వేడి లోపలికి రాకుండా కాపాడడమే అతని పని. గడ్డి, చెక్కపొట్టు, రకరకాల వస్తువులు వాడి చూశాడు. జంటగోడల కొట్టు కట్టించి, చేతిలో గడియారం పట్టుకొని, అడుగునుండి గంటకు ఎంత నీరు కారుతున్నదో కొలిచేవాడు. తలుపు ఎన్నిసార్లు తెరిస్తే ఎంత కరుగుతుందో లెక్కవేశాడు. చివరకు అన్నింటికన్నా గెలిచినది రంపపు పొట్టు. ఉత్తరాన మెయిన్ రాష్ట్రపు కోతమిల్లులవారికి అది అడ్డువచ్చే చెత్త.

రంపపు పొట్టు గొప్పతనం మన పల్లెలలో సోడాకొట్టువానికి ఎప్పుడో తెలుసు. చెక్కపెట్టెలో ఐసుదిమ్మ పెట్టి, పొట్టుగాని వరిఊకగాని కప్పి, పైన తడి గోనెసంచి పరచడం మా చిన్ననాట రోజూ చూసినదే. పొట్టు రేణువుల నడుమ గాలి చిక్కుకొని కదలక నిలిచిపోతుంది. కదలని గాలి వేడిని త్వరగా దాటనివ్వదు. తరగతిలో ఒకే పరిమాణం గల రెండు ఐసుముక్కలు తెప్పించి, ఒకటి పళ్ళెంలోను, ఒకటి ఊక నింపిన డబ్బాలోను పెట్టించాను. పళ్ళెంలోది పీరియడు ముగిసేలోగా నీరయింది. రెండవది మధ్యాహ్న భోజనానంతరం తీసినప్పటికి చిన్న గోలీకాయంత మిగిలి ఉంది. ప్రశ్న అడిగిన పిల్లవాడే దానిని నోట్లో వేసుకున్నాడు.

అదే హవానా యాత్రల కాలంలో ట్యూడర్ ఇంకొక ప్రయోగం చేశాడు. తిరుగు ఓడలో క్యూబా పండ్లను మంచులో పేర్చి న్యూయార్కుకు పంపాలని, హెచ్చు వడ్డీకి అప్పు తెచ్చి మరీ నింపాడు. దారిలోనే చాలావరకు కుళ్ళిపోయాయి. చల్లని పెట్టెలో పండ్లను సముద్రం దాటించడమనే ఈనాటి పెద్ద వ్యాపారానికి అది తొలి అడుగులలో ఒకటి. అతనికి మాత్రం మరొక అప్పుగానే మిగిలింది.

1817 తరువాత చార్లెస్టన్, సవానా, న్యూ ఆర్లీన్స్ వంటి దక్షిణాది పట్టణాలలో కొట్లు లేచాయి. అలవాటు చేయడంలో ట్యూడర్ దిట్ట. చల్లని పానీయం, మామూలు పానీయం ఒకే ధరకు అమ్మమని దుకాణదారులను ఒప్పించేవాడు. ఒక వేసవి చల్లగా తాగినవాడు మరు వేసవి వేడినీళ్ళు తాగలేడని అతని లెక్క. పోటీదారులు వస్తే ధర తెగ్గోసి, వారి సరుకు రేవులోనే కరిగిపోయేదాకా ఆగి, తరువాత ధర పెంచేవాడు. ఇందులో మెచ్చుకోదగినది నాకు కనబడదు. అతనిది పట్టుదల గల మనసే గాని, మెత్తని మనసు కాదు.

నతానియల్ వైయెత్ అనే యువకుడు అతని కింద పనిచేశాడు. గుర్రం లాగే ఒక కోతపనిముట్టును వైయెత్ 1825లో తయారుచేశాడు. అది గట్టిపడిన చెరువు మీద నాగలి చాలు వేసినట్లు గళ్ళు గీసేది. దిమ్మలన్నీ ఒకే కొలతకు తెగేవి. టన్ను మంచు కోయడానికి ముప్పై సెంట్లయ్యే ఖర్చు పది సెంట్లకు దిగింది. సమానమైన దిమ్మలను ఇటుకల్లాగ సందు లేకుండా పేర్చవచ్చు గనుక కరుగుదల కూడా తగ్గింది. దూరదేశాలకు దారి తెరుచుకున్నది ఈ పనిముట్టుతోనే.

1833 మే 12న టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బోస్టన్ నుండి కలకత్తాకు బయలుదేరింది. ట్యూడర్ కు ఇందులో సామ్యూల్ ఆస్టిన్, విలియం రోజర్స్ భాగస్వాములు. ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, సుమారు నాలుగు నెలలకు సెప్టెంబరులో హుగ్లీ నదిలో ప్రవేశించింది. అప్పటికి దాదాపు వంద టన్నులు మిగిలి ఉన్నాయి.

మన దేశానికి అంతకుముందు చల్లదనమే తెలియదనుకోవడం పొరపాటు. మొగలు పాదుషాలకు హిమాలయపు మంచు వచ్చేది. సురేకారం కలిపిన నీటిలో పాత్రను తిప్పి తాగునీటిని చల్లబరిచేవారు. అలహాబాదు, హుగ్లీ ప్రాంతాలలో చలికాలపు రాత్రులు గుంటలలో ఎండుగడ్డి పరచి, లోతు తక్కువ మట్టిమూకుళ్ళలో నీరు పోసి, తెల్లవారుజామున పలుచని ఐసుపొరలు ఏరి గోతులలో దాచేవారు. ఎంతమంది కూలీలు, ఎన్ని మూకుళ్ళు! అయినా అది సగం బురదవలె ఉండేది, ధర ఎక్కువ. అద్దంలాంటి బోస్టన్ దిమ్మల ముందు అది నిలబడలేకపోయింది. ఆ మూకుళ్ళవారి జీవనం ఏమయిందో ట్యూడర్ చరిత్రలు వ్రాసినవారు పెద్దగా పట్టించుకోలేదు.

కలకత్తాలోని ఆంగ్లేయులు ఉబ్బితబ్బిబ్బయ్యారు. గవర్నరు జనరల్ బెంటింకు ప్రభుత్వం సుంకం మినహాయించింది, రాత్రివేళ సరుకు దింపుకోనిచ్చింది. రోజర్స్ కు వెండి పాత్ర బహూకరించారు. పట్టణవాసులు చందాలు వేసుకొని ఐసుకొట్టు కట్టించారు. మంచు మీద పేర్చి ఆపిలు పండ్లు, వెన్న కూడా రావడం మొదలయింది. తరువాత బొంబాయిలోను, 1842 ప్రాంతంలో మద్రాసులోను ఐసుకొట్లు లేచాయి.

మద్రాసులో అప్పటికి ఓడరేవు కట్టలేదు. ఓడ దూరంగా లంగరు వేసేది. తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలలో, అలల మీదుగా సరుకంతా ఒడ్డుకు రావలసిందే. మండుటెండలో, తడి ఇసుకమీద, కూలీలు దిమ్మలను మోసి కిటికీలు లేని ఆ గుండ్రని కట్టడంలోకి చేర్చేవారు. మోసినవారికి అందులో ముక్క దక్కేదో లేదో గాని, వారి భుజాలకు మాత్రం చల్లదనం తగిలే ఉంటుంది. కొన్నది ఎక్కువగా దొరలు, సంపన్నులు, ఆసుపత్రులు. ఓడ ఆలస్యమైతే ఐసును కొలిచి ఇచ్చేవారు. జ్వరపీడితునికి వైద్యుని చీటీ ఉంటేనే దొరికిన రోజులూ ఉన్నాయి.

ఈ విజయం వచ్చేనాటికే ట్యూడర్ మళ్ళీ మునిగాడు. 1834లో కాఫీ ధరల జూదంలో రెండు లక్షల డాలర్లకు పైగా అప్పుపడ్డాడు. ఆ ఏడే, తన యాభైయవ ఏట, యుఫీమియా ఫెన్నో అనే పంతొమ్మిదేళ్ళ యువతిని పెళ్ళిచేసుకున్నాడు. ఆరుగురు బిడ్డలు కలిగారు. ఈసారి ఋణదాతలు అతనిని జైలుకు పంపలేదు. వ్యాపారం నడవనిచ్చి వసూలు చేసుకున్నారు. పదిహేనేళ్ళు పట్టింది. వడ్డీతో సహా పూర్తిగా తీర్చాడు. ఆ సొమ్ములో పెద్ద భాగం కలకత్తా ఎండలు సంపాదించిపెట్టినదే.

1846-47 చలికాలంలో అతని మనుషులు వాల్డెన్ చెరువుకు మంచు కోయడానికి వచ్చారు. ఆ గట్టునే గుడిసె వేసుకొని భగవద్గీత చదువుకుంటున్న హెన్రీ డేవిడ్ థోరో వారిని చూశాడు. తన చెరువు నీటిని మద్రాసు, కలకత్తా ప్రజలు తాగుతారని, అది గంగతో కలుస్తుందని తన గ్రంథంలో సంతోషంగా వ్రాసుకున్నాడు. నిజానికి ఆ ఏడు కోసిన గుట్టలో చాలాభాగం ఎక్కడికీ పోలేదు. గడ్డి కప్పుకొని అక్కడే ఉండి, 1848 నాటికి కరిగి అదే చెరువులో కలిసింది.

1856లో బోస్టన్ నుండి 363 ఓడసరుకులుగా 1,46,000 టన్నుల మంచు 53 చోట్లకు వెళ్ళింది. 1864 ఫిబ్రవరి 6న, ఎనభైయవ ఏట, ట్యూడర్ ధనవంతునిగా కన్నుమూశాడు. అతని వ్యాపారాన్ని చంపే యంత్రం అప్పటికే పుట్టింది. ఫ్లారిడా వైద్యుడు జాన్ గోరీ 1851లో ఐసుచేసే యంత్రానికి పేటెంటు పొంది, పెట్టుబడి దొరకక, 1855లో పేదవానిగా చనిపోయాడు. కాని మరికొందరు ఆ పని కొనసాగించారు. మద్రాసులో 1874లోను, బెంగాలులో 1878లోను ఆవిరియంత్రంతో ఐసు చేసే కంపెనీలు వచ్చాయి. పక్కవీధిలోనే ఐసు తయారవుతుంటే సముద్రాలు దాటి వచ్చే మంచును కొనేదెవరు?

కలకత్తా, బొంబాయి కొట్లు కూలిపోయాయి. మద్రాసుది మిగిలింది. బిళిగిరి అయ్యంగారు అనే న్యాయవాది దానిని కొని, కిటికీలు, వసారాలు పెట్టించి ఇల్లుగా మార్చారు. వివేకానందులు బస చేసినది అప్పుడే. ప్రభుత్వం చేతికి వచ్చిన తరువాత సిస్టర్ సుబ్బలక్ష్మి అక్కడ బాలవితంతువులను చేర్చి చదివించారు. అటు తరువాత అది ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థుల వసతిగృహం అయింది. 1963లో వివేకానందుని పేరు పెట్టారు. 1997లో రామకృష్ణ మఠానికి అప్పగించారు.

రాయకోట మార్కెట్టుకు తెల్లవారకముందే టమాటా బుట్టలు తోలే ఇంటినుండి వచ్చినవాడు ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడు. తిరుగుబస్సులో కూర్చుని, టమాటాలను ఊకలో పెడితే నిలుస్తాయా సార్ అని మళ్ళీ అడిగాడు. ఊక చల్లదనాన్ని కాపాడుతుంది గాని పుట్టించదు, ముందు చల్లబరచాలి అని చెప్పాను. అందుకు ఎంతవుతుంది అన్నాడు. బస్సు కృష్ణగిరి దాటేదాకా ఇద్దరం లెక్క వేస్తూనే ఉన్నాము.