సర్ ఫ్రాన్సిస్ గాల్టన్: మేధస్సు, మతిభ్రమణం, వంశం

పులి కడుపున చలిచీమలు పుడతాయా అని మన పెద్దలు అంటూంటారు. ఆ మాటను అంకెలతో రుజువు చేయాలని జీవితమంతా శ్రమించిన ఆంగ్లేయుడు సర్ ఫ్రాన్సిస్ గాల్టన్. వేలిముద్రల శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడుగా ఆయన పేరు మనలో కొందరు వినే ఉంటారు. మేము ఇక్కడ చెప్పదలచినది ఆ కథ కాదు. తెలివి తాత తండ్రుల నుంచి వస్తుందా, వస్తే దానితోపాటు పిచ్చి కూడా వస్తుందా అన్న ప్రశ్న ఆయనను ఎలా వెంటాడిందో, ఆ ప్రశ్న చివరికి ఎవరి మెడకు చుట్టుకొన్నదో చెప్పదలచాము.

గాల్టన్ 1822 ఫిబ్రవరి 16న బర్మింగ్‌హామ్ సమీపంలో జన్మించాడు. తండ్రి వైపు వారు తుపాకుల తయారీలోనూ బ్యాంకు వ్యాపారంలోనూ గడించిన సంపన్నులు. తల్లి ఎరాస్మస్ డార్విన్ కుమార్తె. అంటే పరిణామవాదం ప్రతిపాదించిన చార్లెస్ డార్విన్‌కూ ఈయనకూ తాత ఒక్కడే, అవ్వలు వేరు. ఐదేళ్ళు నిండకముందే ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాడు. 1917లో టెర్మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఆ చిన్ననాటి ఉత్తరాలను చూచి ఈయన ప్రజ్ఞాలబ్ధి 200కు దగ్గరగా ఉంటుందని లెక్క కట్టాడు. చనిపోయినవారి తెలివిని కొలవడం మాకు కొంచెం హాస్యంగానే తోస్తుంది.

ఇంత బాలమేధావి కేంబ్రిడ్జిలో గణితం చదువుతూ మూడవ ఏట కుప్పకూలాడు. తలలో ఏదో మర తిరుగుతున్నట్లు ఉండేదట. వద్దన్న ఆలోచనలు వదిలేవి కావు. ఆనర్సు ఆశ వదులుకొని మామూలు పట్టాతో 1844లో బయటపడ్డాడు. ఆ ఏడే తండ్రి పోయాడు. చేతికి ఆస్తి వచ్చింది. ఉద్యోగం అక్కరలేకపోయింది. ఆఫ్రికా నైరుతి భాగంలో తిరిగి భూగోళ పరిశోధకుడుగా పేరు తెచ్చుకొన్నాడు, 1853లో వివాహం చేసుకొన్నాడు. 1866లో మళ్ళీ తీవ్రంగా మనస్సు దెబ్బతిన్నది. కోలుకొన్న మూడేళ్ళకు, 1869లో, వంశపారంపర్య ప్రతిభపై తన ప్రసిద్ధ గ్రంథం ప్రకటించాడు.

అందులో న్యాయమూర్తులు, సేనానులు, కవులు, శాస్త్రజ్ఞులు కలిసి సుమారు 300 కుటుంబాలు, దాదాపు 1,000 మంది ప్రముఖులు ఉన్నారు. ప్రముఖుని కొడుకులు, సోదరులు ప్రముఖులవడం ఎక్కువ, చుట్టరికం దూరమైన కొద్దీ తక్కువ అని చూపి, ఇది నెత్తురులోని గుణమే అని తేల్చాడు. జడ్జిగారి కొడుక్కు ఇంట్లో పుస్తకాలు, పెద్దల పరిచయాలు, మంచి బడి ఉంటాయని ఆయనకు తెలియక కాదు, వాటి బరువును తక్కువ అంచనా వేశాడు. తండ్రి డబ్బుతో జీవితమంతా పరిశోధన చేసుకొన్న మనిషికి ఆ సంగతి తట్టకపోవడం విడ్డూరమే. ఏమైనా, పుట్టుకనూ పెంపకాన్నీ వేరుచేయడానికి కవలలను పరిశీలించాలని 1875లో ఆయన సూచించిన మార్గం నేటికీ నిలిచి ఉంది.

ఇక పిచ్చి విషయం. అది ఎలా ఉంటుందో స్వయంగా తెలుసుకోవాలని ఆయన ఒక వింత ప్రయోగం చేశాడు. ఒక ఉదయం ఇంటి నుంచి బయలుదేరుతూ, దారిలో కనబడే ప్రతి మనిషీ ప్రతి వస్తువూ తనపై నిఘా వేసిన గూఢచారి అని ఊహించుకోసాగాడు. పికడిల్లీలో బండ్ల అడ్డా చేరేసరికి అక్కడి గుర్రాలన్నీ తననే కనిపెడుతున్నట్లు తోచింది. కొన్ని చెవులు నిక్కించి చూస్తున్నాయి, మిగిలినవి చూడనట్లు నటిస్తున్నాయి! ఆ భ్రమ వదలడానికి కొన్ని గంటలు పట్టింది. రెండుసార్లు అంచు దాకా వెళ్ళివచ్చిన మనిషి కావాలని మళ్ళీ ఆ అంచుకు పోవడం మాకు ఆయన గణాంకాలన్నిటికంటె ధైర్యమైన పనిగా కనిపిస్తుంది.

ఇటలీ వైద్యుడు లొంబ్రోజో మేధావికీ పిచ్చివాడికీ పోలికలున్నాయని వాదిస్తూండగా, గాల్టన్ 1892 నాటి కొత్త ముద్రణ ముందుమాటలో అంత దూరం పోనన్నాడు. అయితే అసాధారణ ప్రజ్ఞావంతుల దగ్గరి బంధువులలో మతిభ్రమణం తరచు కనబడడం తనను ఆశ్చర్యపరచిందని ఒప్పుకొన్నాడు. ఆ చూపు పూర్తిగా తప్పు కాదు. స్వీడన్ ఆసుపత్రుల రికార్డులను పరిశీలించి 2011లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, స్కిజోఫ్రీనియా రోగుల ఆరోగ్యవంతులైన తోబుట్టువులు సృజనాత్మక వృత్తులలో ఎక్కువగా కనిపించారు. కాని అది వృత్తి మాట, తెలివి కొలత కాదు. తెలివికీ ఆ జబ్బుకూ కూడా ఒక్క జన్యువు కారణం కాదు. వందలు, వేల సంఖ్యలో జన్యుభేదాలు, ఒక్కొక్కటీ రవ్వంత ప్రభావంతో, పరిసరాలతో కలిసి పనిచేస్తాయి. ఒక మనిషిని చూచి అతని బిడ్డ జాతకం చెప్పడానికి అవి చాలవు.

గాల్టన్ చెప్పవచ్చుననుకొన్నాడు. మేలైన వంశాలను పెంచాలి, హీనమైనవాటిని తగ్గించాలి అన్న సిద్ధాంతానికి 1883లో యూజెనిక్స్ అని పేరు పెట్టాడు. 1909లో సర్ బిరుదు పొంది, 1911 జనవరి 17న మరణించాడు. తరువాత జరిగినవి ఆయన చూడలేదు. అమెరికాలో 60,000 మందికి పైగా మతి సరిగా లేదనీ మందబుద్ధులనీ చెప్పి బలవంతంగా సంతానం లేకుండా చేశారు. జర్మనీలో 1933 చట్టం క్రింద ఆ సంఖ్య సుమారు 4 లక్షలు. అమెరికా వలసల చట్టం 1924లో తయారవుతూంటే, యూజెనిక్స్ నిపుణుడుగా లాఫ్లిన్ అనే ఆయన శాసనసభ కమిటీకి సాక్ష్యమిచ్చాడు. 1917 చట్టంతోనే మూసుకొన్న తలుపు మనవాళ్ళకు దానితో మరింత బిగిసింది. 1965 చట్టం వచ్చేదాకా ఇక్కడ మన సభలు జరుపుకొనే అవకాశమే దాదాపు లేదు.

గాల్టన్ తన ఆస్తిలో పెద్ద భాగం లండన్ విశ్వవిద్యాలయంలో యూజెనిక్స్ ఆచార్య పదవికి వ్రాసి ఇచ్చాడు. 1945లో ఆ పదవికి వచ్చిన లయొనెల్ పెన్‌రోజ్ అంతకుముందు కోల్చెస్టర్‌లో 1,280 మంది మందబుద్ధులనూ వారి కుటుంబాలనూ పరిశీలించి, ఆ స్థితికి ఎన్నో వేర్వేరు కారణాలున్నాయనీ, వంశాన్ని తీసివేస్తే పోయేది కాదనీ 1938లోనే చూపించినవాడు. యూజెనిక్స్ అన్న మాటంటేనే ఆయనకు గిట్టేది కాదు. 1954లో ఆ విభాగపు పత్రిక పేరులోంచి ఆ మాట తీసివేయించాడు. 2020లో ఆ కళాశాల ఉపన్యాస మందిరానికున్న గాల్టన్ పేరును కూడా తొలగించారు. మంచి వంశాలు వృద్ధి కావాలని అంత తపించిన గాల్టన్ దంపతులకు మాత్రం సంతానం కలుగలేదు.