ఫ్రాన్సెస్ విల్లార్డ్

ఫ్రాన్సెస్ ఎలిజబెత్ కరోలిన్ విల్లార్డ్ (సెప్టెంబరు 28, 1839 - ఫిబ్రవరి 17, 1898) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన విద్యావేత్త, సంఘ సంస్కర్త, మద్యపాన వ్యతిరేకోద్యమ నాయకురాలు. ఉమెన్స్ క్రిస్టియన్ టెంపరెన్స్ యూనియన్ (మహిళా క్రైస్తవ మద్యపాన నిరోధక సంఘం) అనే సంస్థకు 1879 నుండి మరణించేవరకు అధ్యక్షురాలిగా ఉంది. మద్యపానాన్ని కేవలం వ్యక్తి దౌర్బల్యంగా చూడక, ఊరంతా కలిసి ఎదుర్కోవలసిన సాంఘిక సమస్యగా భావించి, ఊరూరా స్త్రీల సంఘాలను బలపరచింది.

బాల్యం, విద్యాభ్యాసం

విల్లార్డ్ న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ నగరానికి సమీపాన ఉన్న చర్చివిల్ గ్రామంలో జన్మించింది. తండ్రి జోసయా, తల్లి మేరీ. 1846లో కుటుంబం విస్కాన్సిన్ లోని జేన్స్‌విల్ వద్ద వ్యవసాయ క్షేత్రానికి తరలివెళ్ళింది. ఆమె బాల్యం ఎక్కువగా అక్కడే గడచింది. 1858లో వారు ఇల్లినాయిస్ లోని ఇవాన్‌స్టన్‌లో స్థిరపడ్డారు. అక్కడి విశ్వవిద్యాలయ శాసనాన్ని 1855లో సవరించినందువలన, దాని చుట్టూ నాలుగు మైళ్ళ పరిధిలో మద్యం అమ్మకం అప్పట్లో నిషిద్ధంగా ఉండేది. విల్లార్డ్ ఆ పట్టణంలోనే నార్త్ వెస్టర్న్ ఫిమేల్ కాలేజీలో 1859లో చదువు పూర్తిచేసింది.

ఉపాధ్యాయ వృత్తి

కొన్నేళ్ళు వివిధ పాఠశాలల్లో బోధించి, 1868 నుండి 1870 వరకు ఐరోపాలోను, ఇతర ప్రాంతాలలోను పర్యటించింది. 1871లో ఇవాన్‌స్టన్ మహిళా కళాశాలకు అధ్యక్షురాలైంది. 1873లో ఆ కళాశాల నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో విలీనం కాగా, అక్కడ విద్యార్థినుల విభాగానికి డీన్‌గా నియమితురాలైంది. విద్యార్థినులపై అధికారం ఎవరిదన్న విషయమై విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఫౌలర్‌తో విభేదించి 1874లో రాజీనామా చేసింది. పూర్వం ఫౌలర్‌తోనే ఆమెకు వివాహ నిశ్చయం జరిగి రద్దయింది. ఆమె జీవితాంతం అవివాహితగానే ఉండిపోయింది.

మద్యపాన వ్యతిరేకోద్యమం

1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని హిల్స్‌బరోలో ఎలైజా థాంప్సన్ నాయకత్వాన స్త్రీలు మద్యం దుకాణాల ముందు ప్రార్థనలు చేసి, వాటిని మూసివేయమని యజమానులను కోరారు. భర్త సంపాదన తాగుడుకు పోతే ఇల్లాలికి ఓటుహక్కు లేదు; ఆస్తిపైనా, పిల్లలపైనా ఉన్న హక్కులు స్వల్పం. అందుచేత ఈ ఉద్యమం కొద్ది నెలల్లోనే వందలాది ఊళ్ళకు వ్యాపించింది. అయితే మూతపడిన దుకాణాలలో అనేకం మళ్ళీ తెరుచుకున్నాయి. ఆవేశం చల్లారినా నిలిచే వ్యవస్థ అవసరమని గుర్తించిన స్త్రీలు 1874 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో సమావేశమై జాతీయ సంఘాన్ని స్థాపించారు. ఆనీ విటెన్‌మయర్ అధ్యక్షురాలిగాను, విల్లార్డ్ కార్యదర్శిగాను ఎన్నికయ్యారు.

స్త్రీలకు ఓటుహక్కు విషయంలో ఇరువురికీ భేదాభిప్రాయాలుండేవి. ఊళ్ళో మద్యం దుకాణం ఉండాలా వద్దా అన్న నిర్ణయంలో స్త్రీకి ఓటు ఉంటేనే ఇంటికి రక్షణ కలుగుతుందని విల్లార్డ్ వాదించింది. 1879లో ఆమె అధ్యక్షురాలైన తరువాత సంఘం క్రమంగా ఓటుహక్కును బలపరచింది.

సంఘ నిర్మాణం

ఊరి సంఘం, దానిపై జిల్లా, రాష్ట్ర, జాతీయ సంఘాలు ఉండేవి. అన్ని పనులూ చేయాలన్నది విల్లార్డ్ విధానం. ఏ పని చేపట్టాలన్నది స్థానిక అవసరాన్నిబట్టి ఊరి సంఘమే ఎంచుకునేది. చలివేంద్రాలు, పఠన మందిరాలు, శిశు విద్యాలయాలు, ఖైదీల సంక్షేమం, కార్మికుల పనిగంటల తగ్గింపు వంటివి వీటిలో ఉన్నాయి. మద్యం, ఇతర మత్తుపదార్థాల హానిని గురించి పాఠశాలల్లో పాఠాలు చెప్పించడానికి మేరీ హంట్ ఆధ్వర్యంలో చట్టాలు తెప్పించారు. అయితే ఆ పాఠ్యపుస్తకాలలో అతిశయోక్తులున్నాయని తరువాతి కాలంలో శాస్త్రజ్ఞులు విమర్శించారు. మద్యంతో పాటు నల్లమందు వ్యాపారాన్ని కూడా అరికట్టాలని కోరుతూ ప్రపంచ దేశాల ప్రభుత్వాలకు విల్లార్డ్ ఒక విజ్ఞప్తిపత్రం రచించింది. దానికి అనేక భాషలలో లక్షలాది సంతకాలు సేకరించారు.

భారతదేశంతో సంబంధం

1884లో సంఘ ప్రతినిధిగా ప్రపంచయాత్రకు బయలుదేరిన మేరీ లెవిట్ భారతదేశానికి కూడా వచ్చింది. 1886లో అమెరికా వెళ్ళిన పండిత రమాబాయికి విల్లార్డ్‌తో పరిచయమేర్పడింది. రమాబాయి ఆ సంఘ కార్యక్రమాలలో పాల్గొని, తరువాత మరాఠీలో వ్రాసిన అమెరికా యాత్రా గ్రంథంలో దానిని గురించి వివరించింది.

విమర్శలు

దక్షిణాది శ్వేతజాతి స్త్రీలను సంఘంలో చేర్చడానికి విల్లార్డ్ ఎంతో కృషి చేసింది. సంఘంలో నల్లజాతి స్త్రీలు కూడా ఉన్నప్పటికీ, దక్షిణాదిన వారి శాఖలు చాలావరకు వేరుగా ఉండేవి. 1890లో ఒక పత్రికా సంభాషణలో ఆమె నల్లజాతివారిని తాగుడుతోను, శ్వేత స్త్రీల అభద్రతతోను ముడిపెట్టి మాట్లాడింది. ఆ కాలంలో మూకలు నల్లజాతివారిని చంపడానికి ఇటువంటి నిందలనే సాకుగా చూపేవి. పాత్రికేయురాలు ఐడా వెల్స్ 1894లో ఇంగ్లాండులో ఈ విషయాన్ని బహిరంగపరచింది. మూకహత్యలను తాను సమర్థించనని విల్లార్డ్ చెప్పినా, తన మాటలను పూర్తిగా ఉపసంహరించుకోలేదు. సంఘ విస్తరణ కోసం ఆమె న్యాయాన్ని విస్మరించిందన్న విమర్శ నేటికీ ఉంది.

చివరి రోజులు

తన 53వ ఏట సైకిల్ తొక్కడం నేర్చుకుని, ఆ అనుభవాన్ని 1895లో పుస్తకంగా ప్రచురించింది. 1898లో న్యూయార్క్‌లో ఇన్‌ఫ్లుయెంజా వ్యాధితో మరణించింది. 1905లో అమెరికా పార్లమెంటు భవనంలోని విగ్రహశాలలో ఆమె విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఆ శాలలో స్థానం పొందిన మొదటి మహిళా విగ్రహం అదే. 1920లో దేశవ్యాప్త మద్యనిషేధం, స్త్రీల ఓటుహక్కు రెండూ అమలులోకి వచ్చాయి. మద్యనిషేధం 1933లో రద్దయింది, ఓటుహక్కు నిలిచింది.